ఈడనే పెరిగిన స్ఫటికం

కర్నూలు ల్యాబులో మా మేడమ్ మైక్రోస్కోపులో చూసే ముందు గాజులు తీసి పక్కన పెట్టేది. అంతరిక్షంలో బరువు ఉండదు కాబట్టి ప్రొటీన్ స్ఫటికాలు అక్కడే బాగా పెరుగుతాయని ఆమె నమ్మకం. పంపే ముందు, బరువు ప్రభావం తగ్గేలా మెల్లగా తిరిగే యంత్రంలో వాటిని నేలమీదే పెంచి చూసేవాళ్లం.

ఒకరోజు అందులో ఏ లోపమూ లేని స్ఫటికం కనిపించింది. నేను సంబరపడ్డాను. ఆమె ముఖం వాడిపోయింది.

"ఈడనే ఇంత బాగొస్తే పైకి ఎందుకు పంపుతారప్పా?"

"చెప్పకుంటే సరి కదా మేడమ్?"

"కండ్లారా చూసినాం కదా."

అప్పుడే పైఅధికారికి ఫోన్ చేసి చెప్పేసింది. ఏండ్లుగా ఆమె ఎదురుచూసిన అంతరిక్ష ప్రయోగం రద్దయింది. ఆ మరుసటి రోజు అందరికీ మైసూరుపాకు పంచింది.

"ఇది ఎందుకు మేడమ్?"

"శానా బాగుండాది, తిను," అంది. ఆమె కండ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆ మిఠాయి ఎందుకు పంచిందో నాకిప్పటికీ తెలియదు.