నాన్న చెవి, మావ లారీ

ఈమధ్య మా వీధిలో ఒకాయన స్టార్టు కాని స్కూటర్ని పక్కకు వంచి తంటాలు పడుతుంటే గుప్పున పచ్చి పెట్రోలు వాసన కొట్టింది. పేపరు చదువుకుంటున్నవాణ్ణి పదేళ్ళవాణ్ణయిపోయి, బొబ్బిలిలో మా ఇంటి ముందు ఆగిన సింహాచలం మావ లారీ దగ్గర నిలబడ్డాను. ఆ లారీ గురించి నేనొక నిజం చెప్పాలి. చాలా ఆలస్యమైంది.

సింహాచలం మావ మా అమ్మకు తమ్ముడు. అరవైల చివర్లో గోగునార మోపులు విజయనగరం తోలేవాడు. లారీ సావుకారుది, రెండో ప్రపంచయుద్ధం నాటిది, పెట్రోలుతో నడిచేది. దాని కార్బురేటర్‌కి ఒక చిన్న స్క్రూ ఉండేది. బిగిస్తే ఇంజను ఎక్కిళ్ళు పెట్టేది, వదులు చేస్తే నల్లపొగ కక్కుతూ పెట్రోలు తాగేది. ఆ రెండింటికీ మధ్య చోటును చెవితోనే పట్టుకోవాలి. అందుకే మావ మెకానిక్ దగ్గరకు పోకుండా మా ఇంటికొచ్చేవాడు. మా నాన్న వీణ మాస్టారు.

"బావా, మళ్ళీ తాగేస్తన్నాది. ఓపాలి ఇనవా?"

నాన్న అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చునేవారు. మావ స్క్రూ తిప్పుతుంటే అడ్డంగా తలూపి, తలూపి, చివరికి వేలెత్తేవారు. "ఆఁ! అక్కడాపు." ఆ తరవాత పరీక్షకని రైలు గేటుదాకా షికారు. వేసవిలో సీటు కింద తాటిముంజలుండేవి, వాటిని బొటనవేలితో తోడుకుని చొక్కా నిండా నీళ్ళు కార్చుకుంటూ, గేదె కనిపించినా కనిపించకపోయినా హారను కొట్టడం నా ఉద్యోగం.

చిక్కల్లా ఒకటే. శ్రుతి కుదిరిన లారీ మా ఇంటి ముందు ఆగేది కాదు, హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయేది. అందుకని మావ మా ఇంట్లో అన్నం తింటున్నప్పుడు, బానెట్ తుడిచే నెపంతో నేను ఆ స్క్రూని అరచుట్టు వదులు చేసేవాణ్ణి.

వారం తిరక్కుండా మావ దిగేవాడు. "సావుకారు నన్ను తినేస్తన్నాడు. నీ సెవిలో గుబిలేటైనా ఉన్నాదేటి బావా?"

అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు. నాలుగోసారి అయ్యేసరికి ఆయనకు నిజంగానే అనుమానం పట్టుకుంది. అంతకుముందు శిష్యురాలి తీగ వెంట్రుకవాసి దిగినా స్నానాలగదిలోంచి కేకేసేవారు. ఇప్పుడు తీగ మీటి, అమ్మవైపు చూసి, "అది సరిగ్గానే ఉన్నాదంటావా?" అని అడగసాగారు.

"నాకేటి తెలుసు? మీ లారీనడగండి," అంది అమ్మ.

ఆ దసరాకి కోవెల్లో కచేరీ. నాన్న తన వీణను పన్నెండేళ్ళ శిష్యురాలి ముందు పెట్టి, "నువ్వే సుతి పెట్టమ్మా" అన్నారు. ఆ పిల్ల బిక్కమొహం వేసింది. నిజం చెప్పాలని నాన్న పక్కకు వెళ్ళాను. ఆయన ఏమిట్రా అన్నట్టు చూసేసరికి, "పులిహోర పెడుతున్నారు నాన్నా" అన్నాను. పెట్టడం లేదు కూడా.

ఏడాది తిరక్కుండా సావుకారు డీజిలు లారీ కొన్నాడు. దానికి కార్బురేటర్ లేదు, నాన్నతో పని లేదు. ఆ తరవాత పాతికేళ్ళు పాఠం చెప్పినా నాన్న ఏ తీగనూ తన చెవి ఒక్కదాన్నే నమ్మి బిగించలేదు, శిష్యుల తీగ దిగినట్టు తోచినా కేకెయ్యక ఊరుకునేవారు.

ఆ పెట్రోలు లారీలు ఇప్పుడు లేవు, మావ లేడు, నాన్నా లేరు. ఆయన శిష్యులు మాత్రం ఊరూరా ఉన్నారు. "మాస్టారికి చివర్లో చెవి మందగించింది" అని వాళ్ళు గౌరవంగా చెప్పుకుంటుంటారు. అబద్ధం. ఆయన వేలెత్తిన చోటు ప్రతిసారీ సరైనదే. ఆయన ఊరుకోవడాన్ని మెచ్చుకోలనుకుని ఇవాళ్టికీ అపశ్రుతిలో వాయిస్తున్నవాళ్ళెవరైనా ఉంటే, అది ఆయన పాఠం కాదు, నా పని.