ఐలవ్వ ఏడుపు, మల్లవ్వ కన్ను

1948వ సంవత్సరం, సెప్టెంబరు. నల్గొండలోని ఒక మిషన్ దవాఖానలో నేను నర్సుగా చేరి అప్పటికి మూడేళ్లు. కంటి వార్డులో ఎనిమిది మంచాలు. పొద్దున ఆరింటికి ప్రార్థన, ఏడింటికి డ్రెస్సింగు. ఊళ్లలో కమ్యూనిస్టు దళాలు, రజాకార్లు, చివరికి రోడ్డు మీద యూనియన్ మిలటరీ లారీలు. బయట రాజ్యం అటూ ఇటూ అవుతున్నా, మా వార్డులో రోగి తల అటూ ఇటూ కాకూడదు.

మల్లవ్వది కట్టంగూర్ దగ్గరి పల్లె. గొర్రెలు కాసే కుటుంబం. ఏభై దాటిన మనిషి. వడ్లు తూర్పారబడుతుంటే పొట్టు పడి ఎడమ కంటి కార్నియా మీద, అంటే నల్లగుడ్డును కప్పే అద్దంలాంటి పొర మీద పుండు అయింది. ఆకు పసరు పోశారు. పుండు మానింది గానీ తెల్లటి మచ్చ మిగిలింది. దాన్నే మనవాళ్లు కంట్లో పువ్వు అంటారు. దానికి ఆ రోజుల్లో మా దగ్గర వైద్యం లేదు. కుడి కంటిది క్యాటరాక్ట్, మోతిబిందు. ఇది పైపొర కాదు. కంటిపాప వెనక ఉండే లెన్స్ పాలలా తెల్లబడుతుంది. పసర్లూ చుక్కలూ దాన్ని కరిగించలేవు. ఆపరేషన్ చేసి తీసేస్తే, మందపాటి అద్దాలతో చూపు వస్తుంది.

ఇప్పుడు కంటి లోపలే కొత్త లెన్స్ పెట్టి అదే రోజు ఇంటికి పంపుతున్నారు. అప్పుడు పది రోజులు వెల్లకిలా పడుకోవాలి. రెండు కళ్లకూ కట్టు, తలకు అటొకటి ఇటొకటి సాండ్ బ్యాగు, అంటే ఇసుక నింపిన సంచి. దగ్గకూడదు, తుమ్మకూడదు, ఏడవకూడదు. కోత విచ్చుకుందంటే ఆ కన్ను పోయినట్టే. మల్లవ్వకు మిగిలింది ఆ ఒక్క కన్నే.

మా డాక్టరమ్మ చేసిన ఆపరేషన్ బాగా జరిగింది. అయితే ఆమె గుండెలో ఒక బరువు ఉంది. అక్క ఐలవ్వ ఉండే ఊరు గొడవల్లో తగలబడింది. రెండు నెలలుగా కబురు లేదు. అక్క చనిపోయిందనే అనుకుంటోంది.

నాలుగో రోజు మధ్యాహ్నం వరండాలో రాగం వినబడింది. "ఓ నా చెల్లే... నా మల్లవ్వా..."

చావు తప్పించుకున్న ఆడవాళ్లు కలుసుకుంటే మెడ మీద పడి, రాగం తీసి ఏడవడం మా వైపు ఆచారం. ఏడవకపోతే ప్రేమ లేనట్టే. పరుగెత్తి తలుపు మూసి అడ్డం నిలబడ్డాను.

"ఐలవ్వను. బతికే ఉన్న. జరుగు నర్సమ్మా, నా చెల్లె మీద పడి ఏడ్వాలె."

"ఏడిస్తే ఆమె కన్ను పోతది. ఆరు రోజులైనంక రా, పో."

సరిగ్గానే చేశాననుకున్నాను. లోపలికి వెళ్లేసరికి మల్లవ్వ గదవ వణుకుతోంది, రొమ్ము ఎగిసిపడుతోంది. తల ఒక సంచి మీది నుంచి జారింది.

"మా అక్కను ఎల్లగొట్టినవా? ఏడ్వకుంట పోతే ఆమె పాణం నిలుస్తదా?"

దిగమింగిన ఏడుపు కూడా కోతకు అంతే ప్రమాదం. నా కాఠిన్యమే ఆ కన్ను తీసేలా ఉంది. రెండు చేతులతో ఆమె తల పట్టుకున్నాను. "ప్రభువా, నా నోటితో పాడుచేశాను, నా చేతులతో బాగుచేయించు" అని ప్రార్థించాను. అప్పుడొక ఆలోచన వచ్చింది. ఇచ్చింది ఎవరో నాకు తెలుసు.

"అవ్వా, మీ అక్క ఏడుస్తది. నా మీద పడి ఏడుస్తది. నీ బదులు నేను ఏడుస్త. నువ్వు కదలకు."

"నీకు రాగం వస్తదా?"

"చర్చిల పాడుతనే ఉన్న గద."

"చర్చి పాట గాదు, మా రాగం. సరే, మా అక్క అందుకుంటది. నువ్వు వెనుక పట్టు. జల్ది పో, అది కోపమొస్తే ఆగది."

సంచులు సర్ది, వరండా మెట్ల మీద కూలబడ్డ ఐలవ్వను వంటగది వెనక బావి దగ్గరికి తీసుకుపోయాను. ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది.

"నీ మీదనా? నువ్వు నాకేమైతవ్?"

"నాలుగు దినాల సంది నీ చెల్లె తల నా చేతులల్లనే ఉన్నది. ఆమె కాడ ఏడ్వాల్సింది నా కాడ ఏడువు."

ఒక్కసారిగా మీద పడింది. కాలిన ఇల్లు, చెదిరిన మంద, గుట్టల్లో దాక్కున్న రోజులు, అన్నీ రాగంలోనే చెప్పింది. మొదట మాట ఇచ్చాను కాబట్టి ఏడ్చాను. కాసేపటికి నిజంగానే ఏడ్చాను.

తిరిగొచ్చి చెప్పాను. "అయిపోయింది అవ్వా."

"మంచిగ ఏడ్చినవా?"

"గొంతు పోయింది. మెడ గూడ పోయింది."

"మా అక్క పట్టు గట్లనే ఉంటది."

ఆమె పెదవులు విచ్చుకుంటుంటే నేను హడలిపోయాను. "నవ్వకు! నవ్వితే గూడ కన్ను పోతది!"

ఆ తర్వాత ఐలవ్వ లోపలికి వచ్చి, చెల్లెలి చేయి పట్టుకొని, మెల్లగా దొరికిన గొర్రెల సంగతి చెప్పింది. రోజూ వచ్చింది. ఒక్క చుక్క రాల్చలేదు.

పదో రోజు డాక్టరమ్మ కట్టు విప్పింది. కోత అతుక్కుంది. కంటిపాప నల్లగా, నిర్మలంగా ఉంది. ట్రయల్ లెన్స్, అంటే చూపు పరీక్షించే మందపు అద్దం, కన్ను ముందు పెట్టింది. మల్లవ్వ చూపు అటూ ఇటూ తిరిగి మంచం పక్కనున్న అక్క మీద ఆగింది.

"అక్కా! గింత ముసల్దానివైనవేందే?"

"నువ్వేమన్న పడుచుదానివా?"

నేను పట్టలేక "స్తోత్రం!" అని కేక పెట్టాను. వార్డులో గట్టిగా మాట్లాడితే కోప్పడే డాక్టరమ్మ నాకంటే గట్టిగా అంది.

మందు ఎంత గొప్పదైనా, రోగి లోపల ఏముందో తెలుసుకోకుండా మంచం మీద పడుకోబెట్టకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. అప్పటినుంచి ఆపరేషన్‌కు ముందు ప్రతి ఒక్కరినీ అడిగేదాన్ని, ఎవరి కోసం మనసు కొట్టుకుంటోందని. ఉంటే పిలిపించి, కట్టు కట్టకముందే కలిపేవాళ్లం.

రెండు నెలలకు మల్లవ్వ మళ్లీ వచ్చింది. మందపాటి అద్దాలు పెట్టుకొని, చూపు లేని ముగ్గురిని ఒకరి భుజం ఒకరు పట్టుకునేలా చేసి, ముందు తానే నడుస్తూ. వరండా మెట్ల దగ్గర వాళ్లను ఆపి చెప్పింది.

"ఏడ్చేటిది, నవ్వేటిది ఉంటే గిక్కడనే కానియ్యుండ్రి. లోపటికి పోయినంక కదలకుంట పండుకుంటె చూపు వస్తది. నన్ను చూడుండ్రి."

వాళ్లకు కనబడదని గుర్తొచ్చి తానే పకపకా నవ్వింది. "ఫికర్ లేదు. పది దినాలాగి చూస్తరు."

చూశారు, ముగ్గురూ.