బస్తాడు మిరపకాయలు

మా సంస్థ నడిపే మేడమ్ ఏ వర్క్‌షాప్‌కి వచ్చినా ముందు మైకు ఆపించేసేవారు. అద్దంకిలో నేను మొదటిసారి పెట్టిన వర్క్‌షాప్‌లోనూ అంతే. సొంతంగా కారం పట్టించి అమ్ముకోవడం గురించి మాట్లాడదామని, మిరప కూలికెళ్లే ఆడవాళ్లను చర్చి హాలుకు పిలిచాను. అందరూ వెనక వరుసల్లో చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఏం అడిగినా "మీరు చెప్పండమ్మా, వింటాం" అనడమే. నేను ప్రొజెక్టరు పెట్టి మొదటి స్లైడు గోడ మీద వేశాను.

మేడమ్ ఎదురు కొట్టు నుంచి ఎండుమిరప బస్తా తెప్పించి హాలు మధ్యలో గుమ్మరించారు. "చేతులు ఖాళీగా ఉంటే నోరెట్టా పెగులుద్ది అమ్మాయ్?" అంటూ తనే ముందు కింద చతికిలబడ్డారు.

అందరూ చుట్టూ చేరి తొడిమలు తీయడం మొదలుపెట్టారు. ఇక చూడాలి ఆ సందడి! ఏ కాయకు రంగెక్కువ, ఏ కాయకు ఘాటెక్కువ, ఎవరికి అమ్మాలి, ప్యాకెట్ మీద ఏ బొమ్మ వేయాలి, అన్నీ తుమ్ముతూ, నవ్వుతూ, ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటూ వాళ్లే తేల్చేశారు. నా మొదటి స్లైడు సాయంత్రం దాకా గోడ మీదే ఉండిపోయింది.

వెళ్తూ వెళ్తూ ఒకామె గుమ్మం దగ్గర ఆగింది.

"ఈసారి రెండు బస్తాలు పోయించండి మేడమ్ గారూ. మా మాటలు ఇంకా అయిపోలేదు."