ప్రెసిడెంటు గారిని క్యూట్ అన్న పాపం

"టెర్రస్ మీద వడియాలు పెట్టడానికి వీల్లేదండి. సొసైటీ రూలు."

"ఎండ ఏమన్న సొసైటీ కొన్నదా సారూ? అది ఉత్తగనే పడుతుంది గద."

"మరకలు పడతాయండి. కాకులొస్తాయి."

"కాకులకు నేను జవాబు చెప్త. మీకెందుకు పరేషాన్?"

తెల్లాపూర్‌లో మా కొడుకు ఫ్లాటు కొన్న చోట, క్లబ్‌హౌసు మీటింగులో, నలభై మంది ఎదుట ప్రెసిడెంటు గారితో నేను పెట్టుకున్న పోట్లాట ఇది. ఇక్కడితో ఆగితే గౌరవంగా ఓడిపోయేదాన్ని. ఆగలేదు. ఒక్క ఇంగ్లీషు ముక్కతో పరువును ఎలా గంగలో కలిపానో వినండి.

ఇంట్లో మూడు కిలోల మినప్పప్పు నానుతోంది. గుమ్మడికాయ ముక్కలు ఉప్పు పట్టి మూటలో ఉన్నాయి. తెల్లవారి ఎండ తగలకపోతే అంతా చెత్తబుట్టకే. పారేయడం నా ఒంటికి పడదు.

పక్కనున్న మనవరాలు శ్రావ్య చెవిలో గొణిగింది. "నానమ్మా, కొట్లాడితే పని కాదు. జర మంచిగ మాట్లాడు."

సరే అనుకున్నాను. ప్రెసిడెంటు గారు పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఇంగ్లీషులో పొగిడితే కరుగుతాడు. మూడో తరగతితో బడి మానేసినదానికి ఇంగ్లీషెక్కడిదంటారా? మా శ్రావ్య నోట రోజంతా ఒకటే మాట, క్యూట్. కూరలో ఉప్పు కూడా నేనంత వేయను. అర్థమడిగితే "ముద్దుగున్నదని, నానమ్మా" అంది. మా దిక్కు ఆ మాట పెళ్లికొడుకునూ అంటాం, డెబ్బై ఏళ్ల వియ్యంకుణ్ణీ అంటాం. ఎవరూ నొచ్చుకోలేదు.

గొంతు సవరించుకుని లేచాను. "సారూ, మీరు మస్తు క్యూట్ ఉన్నరు. జర పర్మిషన్ ఇయ్యున్రి."

ప్రెసిడెంటు గారి చెవులు పండుమిరపకాయలయ్యాయి. శ్రావ్య నా కొంగు గుంజింది. "పెద్దోళ్లను గట్ల అనరు నానమ్మా."

"ఎందుకనరు? మొన్న కుక్కపిల్లను అన్నవు. నీ కొత్త చెప్పులను అన్నవు. గీ సారు చెప్పులకన్న తక్కువనా?"

గుసగుసగా అన్నాననే అనుకున్నాను. నా గుసగుస నార్సింగి దాకా వినబడుతుందట.

"నన్ను కుక్కపిల్లతో పోలుస్తున్నారాండీ?" అన్నాడాయన.

"పోల్చలే సారూ. కుక్కపిల్ల ఇంకా ముద్దుగుంటది."

మొదట నవ్వింది ఆయన భార్యే. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "కాపురానికొచ్చి ముప్పై ఐదేళ్లండి. ఈయన్ని ఆ మాటన్నవాళ్లని ఇవాళే చూశాను" అంది. ఆయన కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు. మీటింగు ముగిసింది, పర్మిషన్ రాలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదయ్యాకే ఊరు చెడింది. అందుకే ఇంటికొచ్చి, దీపం ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఏ మగవాణ్ణీ ఇంగ్లీషులో పొగడను. తిట్టడం మాత్రం మానను, అది తెలుగులోనే.

మరునాడు పొద్దున లిఫ్టులో నోటీసు అంటించారు. ఒకటి, టెర్రస్ మీద తినే వస్తువులు ఎండబెట్టరాదు. రెండు, మీటింగుల్లో కమిటీ సభ్యుల అందచందాలు ప్రస్తావించరాదు. శ్రావ్యతో రెండుసార్లు చదివించుకుని విన్నాను. తర్వాత పిండి గిన్నె చంకనెత్తుకుని టెర్రస్ ఎక్కాను. ప్రెసిడెంటు గారి భార్య అప్పటికే పాత చీర పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి కూర్చుని ఉంది.