పిడి కింది సంతకం

తాత బర్మా యుద్ధం నుంచి తెచ్చిన జపాను కత్తి మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉండేది. లొంగిపోయిన ఒక అధికారి తన చేతులతో ఇచ్చాడని తాత చెప్పేవాడు. ఆయన పోయాక ప్రతి పండక్కీ పెదనాన్నది అదే ఎగతాళి: "నాయన దాన్ని పాతసామాన్ల అంగట్లో కొనుంటాడు. మనకు కోతలు కోసినాడు."

చిక్కపేటలో ఇనుపసామాను అంగడి నడిపే మా నాన్నకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. కత్తి అసలుదని తేలితే తాత మాట నిలిచినట్టేనని ఆయన నమ్మకం. నాకైతే పెదనాన్న నోరు మూతపడితే చాలు.

రెండువేల దశకం తొలినాళ్లలో, ఎలక్ట్రానిక్ సిటీలో మా ఆఫీసుకు జపాను నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కత్తులంటే పిచ్చి. మా కత్తి ఫోటో చూపిస్తే, సెలవుకు వెళ్లి వస్తూ లావుపాటి పుస్తకం ఒకటి మోసుకొచ్చాడు. ఒక పేజీలో కత్తి చేసిన కమ్మరి అసలు సంతకం, ఎదురు పేజీలో దాని దొంగ సంతకం, పుస్తకం నిండా అంతే. మామూలు కత్తి మీద పేరున్నవాడి సంతకం చెక్కి అంటగట్టే ఘనులు అక్కడా తక్కువేం లేరట.

ఆదివారం పెద్దాయన మా ఇంటికొచ్చాడు. పెదనాన్న ముందే వచ్చి కూర్చున్నాడు. సంతకం ఉండేది పిడి లోపలి ఇనుము మీద. పెద్దాయన వెదురు చీల తట్టి పిడి లాగుతుంటే నాన్న కుర్చీ అంచుకు జరిగాడు. అమ్మ తెచ్చిన కాఫీ ఎవరూ ముట్టలేదు.

పిడి ఊడింది. లోపలి ఇనుము తోమిన చెంబులా తళతళలాడింది.

ఆయన పుస్తకం తెరవనే లేదు. దీన్ని ఎవరు శుభ్రం చేశారని ఇంగ్లీషులో అడిగాడు. నేను నాన్నకు తెలుగులో చెప్పాను.

"నేనే అప్పా," అన్నాడు నాన్న మురిసిపోతూ. "ఏటా ఆయుధపూజకు పిడి ఊడదీసి, చింతపండేసి, గరుకు ఉప్పుకాగితం పెట్టి రుద్దుతా. రవ్వంత తుప్పు ఉండనియ్యను."

పెద్దాయన ఇనుము మీది సంతకం గీతలు చూపించాడు. పిడి కింది తుప్పును వాళ్ల దేశంలో ఎవరూ తాకరట. అది గీతల్లో పేరుకున్న తీరు చూసే వయసు చెబుతారట. ఇక్కడ ఉలి గీతల అంచులు కూడా అరిగిపోయాయి. అసలో దొంగో ఇక ఏ పుస్తకమూ తేల్చలేదన్నాడు.

అది నాన్నకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆ పుస్తకాన్ని కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

పెదనాన్న ఏదో అనబోయి, నాన్న ముఖం చూసి ఊరుకున్నాడు.

"తుప్పే సాక్షి అంటాడా?" అన్నాడు నాన్న మెల్లిగా. "మా నాయనకు ఉండిన ఒక్క సాక్షి. పూజ పూజ అని నేనే తోమేస్తి గదా."

ఆ ఏడు ఆయుధపూజకు నాన్న అంగట్లో తక్కెడ, సుత్తులు, షట్టరు అన్నీ కడిగాడు. కత్తి దగ్గరికి మాత్రం పోలేదు. దానికి పెదనాన్న కుంకుమ పెట్టాడు.