నల్ల బొటనవేలు

కోరుట్లలో మా వాడ ఆడపిల్లల విప్లవం బొటనవేలి గోటి మీద మొదలైంది. నవ్వకండి. బీడీలు చుట్టేవాళ్లకు అంతకంటే ఎక్కువ చోటు ఎవరిచ్చారు?

నాతో కలిపి ఐదుగురం మా అరుగు మీద కూర్చుని చుట్టేవాళ్లం. ఒడిలో చాట, చాటలో ఆకు, తంబాకు. చుట్టిన బీడీ మూతి ముడవాలంటే బొటనవేలి గోరు కావాలి. అందుకని ఆ ఒక్కటే పెంచుతాం. ఒకసారి కొండగట్టుకు వెళ్లి, బ్రహ్మచారి దేవుడికి బుద్ధిగా దండం పెట్టి, దిగేటప్పుడు నల్ల గోళ్ల రంగు సీసా కొన్నాను. పని చేసే ఆ గోటికే పూసుకోవాలని రూలు పెట్టిందీ నేనే. కాలేజీ పిల్లలు పదింటికీ పూసుకుంటారు, మేం వాళ్లం కాదని తెలియాలి కదా! ఫోనులో వీడియో తీసినా మొహాలు చూపేవాళ్లం కాదు, బొటనవేళ్లే.

"కాకి ముక్కు లెక్క ఏందే గది? తియ్యి," అంది మా అమ్మ. తీయలేదు. పాపం, అమ్మకు ఫ్యాషనేం తెలుసని జాలి కూడా పడ్డాను.

మా బీడీలు తీసుకునే టేకేదారు ఒకరోజు నా కట్టలన్నీ విప్పి, వెతికి, ఒక బీడీ మీద ఆవగింజంత నల్ల పెచ్చు పట్టుకున్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే.

"గీ రంగు తాగెటోళ్ల కడుపుల వోతే ఎవలది జిమ్మెదారి? రేపు గోరు సాఫ్ చేసుకొని రా. లేకుంటే కార్డు ఈడ వెట్టి పో."

బీడీ తాగేవాడి ఆరోగ్యం మీద ఆయనకున్న బెంగకు నా కళ్లు చెమర్చాయి. పొగ సరే, పొగాకు సరే, గోళ్ల రంగే ప్రాణం తీస్తుందట. కానీ కార్డు మాట వినగానే నా వెటకారం ఎండిపోయింది. అమ్మ ఆయన చుట్టూ ఏళ్ల తరబడి తిరిగితే నా పేరు మీద వచ్చిన బీడీ కార్మికుల కార్డు అది. పోతే పని లేదు, ముసలితనంలో పింఛనూ లేదు. నా వెనకే తన బీడీల గంపతో నిలబడ్డ అమ్మ ఆ మాటలన్నీ వింది.

అరుగు మీద మాత్రం గట్టిగా చెప్పాను, ఎవ్వరం తీయొద్దని. ఇంట్లోకి వెళ్లి బ్లేడుతో గీకేశాను. వేలు తెగింది. ఏడ్చాను, నొప్పికి కాదు, అంత తొందరగా భయపడ్డందుకు.

మర్నాడు వరుసలో నలుగురి వేళ్లూ నల్లగా మెరుస్తున్నాయి. నాయకురాలి చేయి చున్నీలో ఉంది. టేకేదారు మొదటి పిల్ల గోరు చూసి నోరు తెరిచేలోగా అమ్మ ముందుకొచ్చి తన బీడీల గంప బల్ల మీద పెట్టింది. ఆమె బొటనవేలికి నల్ల రంగు, గోరు దాటి చర్మమంతా అంటుకుని. నా సీసాలోదే.

"గిదేందక్కా, నువ్వు గూడనా?"

"ఇరువై ఏండ్ల సంది తంబాకుతోని గీ చేతి ఏళ్లన్ని నల్లగనే ఉన్నయి తమ్మీ. ఒక్కనాడన్న సాఫ్ చేసుకొని రమ్మన్నవా?"

వరుస మొత్తం వెనక్కి పంపితే సాయంత్రం కంపెనీ బండిలో ఏం ఎక్కిస్తాడు? టేకేదారు తల వంచుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. జనం ఆరోగ్యం గురించి మళ్లీ ఎత్తలేదు.

అమ్మ గర్వంగా నా వైపు తిరిగింది. "అందరి కంటె ముందు వెట్టుకున్నదానివి నువ్వే గదనే. ఏదీ, నీ ఏలు గూడ సూపియ్యి."

నేను చున్నీలోంచి చేయి తీయలేదు.