చింతపండు కుండా, ఇరవైలో ఒకటీ

మా చుట్టాలు కలిసినప్పుడల్లా ఈ కథ చెప్పుకుంటారు. ఈమధ్య, చింతపండు కుండ ఎత్తుకుపోయింది నేనేనని చెప్పడం మొదలుపెట్టారు. అందుకే జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

యాభైల నాటి సంగతి. బడిలో నేను చదివింది తక్కువ. నాకు తెలిసినదంతా చోడవరం లైబ్రరీలో నేర్చుకున్నదే. అక్కడ పంటల ప్రయోగాల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. బయటికి ఇవ్వరు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నత్తనడకన చదివి, చదివినంత మేర సాయంత్రం మా మేనత్త కొడుక్కి, అంటే మా బావకి, చెప్పేవాణ్ణి. ఒకనాడు ఇది చెప్పాను: రెండు వరుసలకు నిజంగా తేడా లేకపోయినా, ఒక్కోసారి ఒకటి ఊరికే బాగా మొలుస్తుంది. అంత తేడా అలా ఊరికే రావడం ఇరవైలో ఒకసారికి మించదని లెక్క తేలితే, దాన్ని పట్టించుకోదగ్గ తేడా అంటారు.

బావ మిగతా పుస్తకం కోసం ఆగలేదు. చెరకు ముచ్చెల్ని, అంటే నాటే ముక్కల్ని, మజ్జిగలో, గంజిలో, కుంకుడు రసంలో, చివరికి కాఫీలో కూడా, ఇరవై రకాలుగా నానబెట్టి పెరట్లో నాటాడు. చింతపండు రసం వరుస అన్నిటినీ మించి మొలిచింది. వట్టి నీళ్ళలో నానిన వరుసతో పోల్చి లెక్క కడితే, పుస్తకం చెప్పిన ఆ ‘ఇరవైలో ఒకటి’ హద్దు దాటింది. ఇంకేం, పొలానికి కావలసిన ముచ్చెలన్నీ నానబెట్టడానికి ఇంట్లో ఏడాదికని దాచిన చింతపండు కుండ ఎత్తుకున్నాడు.

నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

“కుండ దించు నాయనా. ఏడాదంతా పులుసు దేంతో కాస్తాననుకున్నావు?”

“ఇది సైన్సమ్మా. పుస్తకంలో రాసేరు.”

“సింతపండని రాసేరా?”

“ఇరవైలో ఒకటని రాసేరు.”

“బావా, ఆ లెక్క ఒక్క రకం వేసినప్పటిది,” అన్నాను. “ఇరవై రకాలేస్తే, ఏదీ పనిసెయ్యకపోయినా ఏదో ఒకటి గెలిసినట్టు కనపడతాది. గెలిసినదాన్ని మళ్ళీ నాటి సూడాలంట.”

“ముందే సెప్పలేదేటి?”

“ఆ పేజీ ఇయ్యాలే వచ్చింది.”

“ఇరవై మందికి పందెం పెట్టి, గెలిసినోడికి నా కుండ రాసిచ్చేసేవన్నమాట,” అంది అత్త.

నిమ్మకాయంత చింతపండు మాత్రం ఇచ్చింది. ఆ రసంలో నానినవి కొన్ని వరుసలు, వట్టి నీళ్ళలో నానినవి కొన్ని వరుసలు, కలగలిపి తనే నాటించింది. ఏది ఏదో మాకు చెప్పలేదు. మొలకలు వచ్చాక అన్నిటికంటే బాగున్న వరుస చూపించమంది. బావ అటూ ఇటూ నడిచి, వంగి చూసి, ఒకటి చూపించాడు.

“అది నూతి నీళ్ళు నాయనా.”

“నీడ పట్టున ఉన్నవి తీసేసి లెక్కేస్తే…”

“పులుసు సల్లారిపోతంది, రా.”

మూసే వేళ దాటినా చదువుకోనిచ్చిన లైబ్రేరియన్ గారికి, వరుసల గుట్టు దాచిన అత్తకి, నేను చదివేలోపే చేసి చూసిన బావకి కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దని అత్త చెప్పింది. రాస్తే చదివినవాళ్ళందరూ పులుసుకి వస్తారట.